ఉత్పన్నం కాని ఊరు

నమోదు 1. సభ పద్నాలుగో రోజు, పొద్దున

శాసనసభ్యురాలు ఆత్రం భీంబాయి గారి కార్యాలయంలో ప్రశ్నలు రాసే ఉద్యోగిని గోమాస చందన అనే నేను, వయసు ఇరవై మూడు, రాజనీతి శాస్త్రంలో ద్వితీయ శ్రేణి, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి స్పృహలో ఉండి నమోదు చేయునది ఏమనగా: ఈ రోజు తొమ్మిదిన్నరకు నేను నాలుగు వందల పన్నెండు మందిని మాయం చేశాను.

మిగతా పనులన్నీ మామూలే. లేవగానే హాస్టల్ గదిలో గాలి కిటికీ జల్లెడ దులిపాను. నల్లటి పొడి రాలింది. మా ముత్తాతలు తవ్వి అమ్ముకోగా మిగిలిన బొగ్గు ఇలా రోజుకో చెంచాడు మాకు వారసత్వంగా వస్తుంటుంది. ఏడింటికి ఎండ సైరన్ మోగింది. అంటే నేల మీద అప్పటికే యాభై రెండు డిగ్రీలన్నమాట. మేముండేది నేల కింద పాత గనుల్లో, పైకి ఎలాగూ వెళ్లం, అయినా సైరన్ మాత్రం వేళకు మోగుతుంది. ఈ ప్రభుత్వంలో వేళకు జరిగే పని అదొక్కటే కాబట్టి దాన్ని గౌరవంగా నిలబడి విన్నాను.

ఆఫీసుకు వెళ్లేసరికి గొట్టంలో జవాబులు వచ్చి పడి ఉన్నాయి. వాటిలో గాలి శాఖ జవాబు ఒకటి. ప్రశ్న నాదే. కింద సంతకం భీంబాయి మేడంది.

ప్రశ్న: గౌరవనీయ గాలి శాఖ మంత్రివర్యులు దయచేసి తెలుపుతారా: (అ) ఆరో డిప్‌లో మనుషులెవరూ నివసించడం లేదన్నది వాస్తవమేనా? (ఆ) వాస్తవమైతే, అక్కడి నుంచి రోజూ దగ్గు వినిపించడానికి కారణాలేమిటి?

జవాబు: (అ) అవునండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

చదివి నవ్వాను. కప్పులో చాయ్ సగమయ్యేదాకా నవ్వుతూనే ఉన్నాను. అప్పుడు కాగితం కింది అంచున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం కనబడింది. ‘ఖాయం అయినది. ఖాళీ గాలరీలకు గాలి వదలరాదు గనుక, సభ ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆరో డిప్ గాలి తలుపు మూయబడును.’

చాయ్ చల్లారింది. నేనూ చల్లారాను.

నమోదు 2. అదే రోజు, పదింటికి

అసలు సంగతి రాయాలి. నా తప్పును నేనే దాచుకుంటే ఈ పుస్తకం కూడా ప్రభుత్వ పత్రం అయిపోతుంది.

ఆరో డిప్ అంటే పాత గనిలో కిందికి వాలుగా దిగే సొరంగం, సర్కారు భాషలో గాలరీ; అందులో నాలుగు వందల పన్నెండు మంది ఉంటారు. మా అన్ని ఊళ్లలోకీ లోతైనది. మా అక్క నవత అక్కడి బడిలో పంతులమ్మ. దాని ఫ్యాన్ పాడై ఏడాదిన్నర అయింది. మూడు సమావేశాల్లో మూడుసార్లు అడిగాం. మూడుసార్లూ ‘పరిశీలనలో ఉన్నది’ అన్నారు. నాలుగోసారి నాకు ఒళ్లు మండింది, వెటకారంగా అడిగాను. మంత్రికి సిగ్గు వస్తుందనుకున్నాను. ఇది నా చదువులో లోపం.

అమ్మమ్మల కాలంలో మంత్రులు సభలో ఒకటి చెప్పి బయట ఇంకొకటి చేసేవారట. అందుకని ఖాయం చట్టం తెచ్చారు. మంత్రి రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు ఏడు రోజుల్లో నిజమై తీరాలి. ఆ పని చూసే యంత్రం పేరు కూడా ఖాయమే. తలుపులు, ఫ్యాన్లు, నీళ్లు అన్నీ దాని చేతిలో ఉంటాయి. జవాబు అబద్ధమని రుజువైతే మంత్రి పదవి పోతుంది. చట్టం చేసినవాళ్లు మంత్రులు నిజాయితీపరులవుతారని ఆశించారు. వాళ్లు క్లుప్తంగా మాట్లాడటం నేర్చుకున్నారు. ప్రతి శాఖలోనూ జవాబులు రాసే యంత్రం ఒకటుంది. ఏ జవాబిస్తే శాఖకు పని తగ్గుతుందో అది రాస్తుంది. ఎవరూ లేని చోట ఫ్యాన్ బాగుచేసే పని ఉండదు కదా. నేను పళ్లెంలో పెట్టి ఇచ్చాను, అది తినేసింది.

ప్రశ్నలు మాత్రం మనిషి చేత్తోనే రాయాలి. యంత్రాలతో రాయిస్తే సభ్యులు రోజుకు లక్ష అడుగుతారని భయం. అలా నాకు ఉద్యోగం దొరికింది.

నమోదు 3. అదే రోజు, పదిన్నరకు

భీంబాయి మేడంకు అరవై ఒకటి. ముప్పై ఏళ్లుగా ప్రతిపక్షం. జొన్నరొట్టె, పుట్టగొడుగు కూర తింటున్నారు.

“మేడం, ఒక చిన్న తప్పు జరిగింది.”

“ఎంత చిన్నది?”

“నాలుగు వందల పన్నెండు మందంత.”

కాగితం తీసుకుని చదివారు. రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.

“ఇది నువ్వు రాసినవా?”

“అవ్ మేడం.”

“సంతకం నాదేనా?”

“మీదే. ఫోన్ల మాట్లాడుకుంట పెట్టిండ్రు. పదిహేను కాగితాలు ఒక్కసారే.”

“సదువుకుంటనే పెట్టిన్నా?”

“లేదు మేడం.”

ఆవిడ రొట్టె ముక్క కంచంలో పెట్టేశారు. తర్వాత మెల్లగా అన్నారు: “ఇగ ఇద్దరం గలిసి ఊరును మింగినం. నవ్వుడు ఆపు.”

“నవ్వుతలేను మేడం. నా మొఖమే గట్ల ఉంటది.”

“అయితే మొఖం మార్చుకో. ఏడు రోజులున్నయ్. మీ అక్కకు చెప్పినవా?”

చెప్పలేదు. ఫోన్ పట్టుకుని పావుగంట కూర్చున్నాను. చివరికి అక్కకు చెప్పాను. అక్క, “నువ్వు చిన్నప్పుడు పలక మీద నా బొమ్మ గీసి తుడిపేటిదానివి, గుర్తున్నదా? గప్పుడే అనుకున్న,” అంది. “ఫోన్ పెట్టు. పిల్లలు లెక్కలు చేస్తుండ్రు. లేని పిల్లలు.”

నమోదు 4. సభ పదిహేనో రోజు

ప్రశ్నల విభాగం అధికారిణి ఫర్హానా మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడకు నియమావళి మొత్తం కంఠతా వచ్చు.

“రూల్ అడుగు, చెప్త. సలహా అడిగితే నాకు చెవులు వినిపించయ్,” అన్నారు ముందే.

“ఖాయమైన జవాబును ఎట్ల మార్చాలె మేడం?”

“రెండు దారులు. మంత్రే సవరణ ఇయ్యాలె. ఇస్తే అబద్ధం చెప్పినట్టు, పదవి పోతది. లేకపోతే ఏ శాఖ నుంచన్న ఇంకో జవాబు రావాలె, తర్వాత వచ్చినదాన్నే ఖాయం పట్టుకుంటది.”

“అయితే మళ్లీ అడుగుతం.”

“ఒకే సమావేశంల ఒకే విషయం రెండోసారి అడగొద్దు. రూల్ నలభై ఒకటి. సమావేశం ఇరవై రెండో రోజు అయిపోతది. తర్వాతది నాలుగు నెలలకు.”

“మాకు ఎన్ని ప్రశ్నలు మిగిలినయ్?”

“ఈ వారంల రెండు.” కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “చందనా, పదహారేండ్లు ఈ కుర్చీల ఉన్న. ఎగతాళి ప్రశ్నకు అవునని జవాబిచ్చుడు ఇదే మొదటిసారి చూసిన. చరిత్రకెక్కినవ్ నువ్వు.”

ధన్యవాదాలు చెప్పి వచ్చాను. చరిత్రకెక్కడం ఇంత తేలికైన పనని కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

విషయం వేరుగా ఉండాలి కాబట్టి విద్యాశాఖను అడిగాం. ‘ఆరో డిప్ బడిలో ఎందరు విద్యార్థులు చదువుతున్నారు?’ పిల్లలున్నారని ఒప్పుకుంటే ఊరూ ఉన్నట్టే. అక్షరం అక్షరం చూసి రాశాను. వెటకారం ఒక్క చుక్క కూడా లేదు. రాస్తుంటే చెయ్యి నొప్పి పెట్టింది.

నమోదు 5. సభ పదహారో రోజు

గాలి శాఖ మంత్రిని కలిశాం. చాలా మర్యాదస్థుడు. కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు.

“పొరపాటు జరిగిందని నాకూ తెలుసు భీంబాయి గారూ. కానీ నేను సవరణ ఇస్తే ఇంటికి పోవాల్సిందే. నా పరిస్థితి కూడా చూడండి.”

“ఆడ మనుషులున్నరు సారూ. ఊపిరాడక సస్తరు.”

“అంతదాకా ఎందుకు రానిస్తాం? ఖాళీ చేయించండి. ఏడో లెవెల్ సంత హాల్లో సర్దుకోవచ్చు.”

“ఆ హాల్ల నలభై మంది కూసుంటే నలభై ఒకటోడు నిలబడాలె.”

మంత్రి నిట్టూర్చాడు. “నిజమే. కానీ జవాబు మార్చడం కంటే ఊరు మార్చడం తేలికండి.”

బయటికి రాగానే భీంబాయి మేడం చెప్పు విడిచి దులిపి మళ్లీ వేసుకున్నారు. ఆమెకు కోపం వస్తే చేసే పని అది. చెప్పులో ఏమీ లేదు.

సాయంత్రం ఆరో డిప్‌కు దిగాను. రెండు గంటల నడక. చివరి మలుపు తిరిగాక గాలి బరువుగా తగులుతుంది, తడి దుప్పటి ముఖం మీద వేసినట్టు. తలుపు దాటాక గోడ చాటున ఫ్యాన్, దానికి ఆనుకుని దుర్గం ఓదెలు తాత ఇల్లు. ఫ్యాన్ బెల్టు జారిపోతుంటుంది. ఆయన ఒక వెదురు కర్రతో దాన్ని లోపలికి నొక్కి పట్టుకుని కూర్చుంటాడు. ఏ కోణంలో ఎంత బలంతో నొక్కాలో ఆయనకొక్కడికే తెలుసు. వేరేవాళ్లు పట్టుకుంటే పది నిమిషాల్లో జారుతుంది. ఏడాదిన్నరగా ఇదే వరస. ఆయన కాసేపు నడుం వాలిస్తే ఫ్యాన్ కూడా ఆగుతుంది, ఊరందరికీ తలనొప్పి వస్తుంది.

“గీ పిల్లనేనా మనల్ని తీసేసింది?” అన్నాడు తాత, కర్ర వదలకుండా.

“తాతా, కావాలని చెయ్యలే.”

“కావాలని చేస్తే గింత మంచిగ అయ్యేది కాదు తియ్యి.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. బడి గోడ మీద పిల్లలు తమ పేర్లు రాస్తున్నారు, పెద్ద పెద్ద అక్షరాలతో, గోడ నిండేలా. ఎందుకని అడిగాను.

“మంత్రి వస్తే సదువుకుంటడని,” అంది అక్క.

నమోదు 6. సభ పదిహేడో రోజు

విద్యాశాఖ జవాబు: ‘శూన్యం. సదరు గాలరీలో నివాసితులు లేనందున బడి ఉత్పన్నం కాదు.’

ఉత్పన్నం కాని బడి కాబట్టి ఏడు రోజుల్లో దాన్ని మూసేస్తారట. అక్క ఉద్యోగం కూడా దాంతోపాటే పోతుంది. శాఖల యంత్రాలన్నీ జవాబు రాసే ముందు ఖాయాన్ని అడుగుతాయి. ఖాయం ‘అక్కడెవరూ లేరు’ అంటుంది. అవి తలలు ఊపుతాయి. యంత్రాలకు తలలు లేవు, అయినా ఊపుతాయి.

ఒక్క ప్రశ్న మిగిలింది. నాలుగు రోజులు ఉన్నాయి.

ఈ రోజు జోకులు లేవు. ప్రయత్నించాను.

నమోదు 7. సభ పద్దెనిమిదో రోజు

క్యాంటీన్‌లో ఫర్హానా మేడం పక్కన కూర్చున్నాను. ఆవిడ పునరావాస శాఖ వాళ్ల మీద విసుక్కుంటున్నారు.

“రోజూ నా బల్ల చుట్టు తిరుగుతున్నరు. మా మంత్రి గారిని ఎవరైనా ఒక మంచి ప్రశ్న అడగరా మేడం అని! ఖాళీ గాలరీలల్ల ఈ ఏడు నాలుగు వందల మందిని స్థిరపరుస్తమని సభల నోటిమాట ఇచ్చిండు. ఇప్పటికి ఒక్కడు లేడు. అందరూ ఎందుకు చెయ్యలేదనే అడుగుతున్నరు. పాపం, ఎండిపోయిండు.”

పుట్టగొడుగు బజ్జీ నా నోట్లో సగంలో ఆగింది.

ఖాళీ గాలరీ. నాలుగు వందల మంది. పొగడ్త కోసం దాహంతో ఉన్న మంత్రి. శాఖ వేరు, విషయం వేరు. ఆరో డిప్‌లో నిన్నటిదాకా ఎవరూ లేరా? లేరు, గాలి శాఖ మంత్రి అబద్ధం చెప్పలేదు, ఆయన పదవి క్షేమం. కానీ ఈ వారం కొత్తగా వచ్చి చేరారు! నాలుగు వందల పన్నెండు మంది! లక్ష్యం కంటే పన్నెండు మంది ఎక్కువ!

బజ్జీ మింగకుండానే పరుగెత్తాను. భీంబాయి మేడంకు చెప్పాను. ఆవిడ మూడుసార్లు చెప్పించుకున్నారు.

“అంటే నేను ప్రభుత్వాన్ని మెచ్చుకుంట ప్రశ్న అడగాల్నా?”

“అవ్ మేడం.”

“ముప్పై ఏండ్లల్ల ఒక్కసారి గూడ మెచ్చుకోలే.”

“అందుకనే ఆయన మస్తు సంబురపడతడు.”

ఇక రాయడం. ఈ చేతికి ప్రభుత్వాన్ని పొగడటం అలవాటు లేదు. మొదటి ప్రతిలో ‘అద్భుతమైన’ అని రాశాను, చదివితే తిట్టులా ఉంది. రెండోది సంతాప సందేశంలా వచ్చింది. మూడోదానిలో మళ్లీ వెటకారం తలెత్తింది, చింపేశాను. నాలుగోది ఇది:

(అ) ప్రభుత్వం తీసుకున్న చర్యల ఫలితంగా, ఇదివరకు ఖాళీగా ఉన్న ఆరో డిప్‌లో ఈ నెలలో 412 మంది కొత్తగా స్థిరపడిన మాట వాస్తవమేనా? (ఆ) వాస్తవమైతే, వారికి కొత్త ఫ్యాన్‌తో సహా వసతులన్నీ కల్పిస్తున్న మాట వాస్తవమేనా? (ఇ) ఇంతటి విజయాన్ని సభ దృష్టికి ఇంతవరకు తీసుకురాకపోవడానికి కారణాలేమిటి?

మేడం ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి చదివారు. సంతకం పెట్టే ముందు కలం ఆపి, “రేపు సభల మావోళ్లు నన్ను చూసి ఈలలేస్తరు,” అన్నారు. తర్వాత పెట్టారు, పెద్దగా, పూర్తి పేరుతో.

నమోదు 8. సభ పందొమ్మిదో రోజు

సభలో ఈలలు వేశారు. ‘భీంబాయి అమ్ముడుపోయింది’ అని ఒకాయన అరిచాడు కూడా. మేడం కూర్చుని జొన్నరొట్టె గురించి ఆలోచించారట.

మధ్యాహ్నం పునరావాస శాఖ నుంచి కబురు వచ్చింది. మంత్రిగారికి ఆనందంతో కళ్లు చెమర్చాయి. అయితే అబద్ధమైతే పదవి పోతుంది కాబట్టి ఆయన యంత్రాన్ని నమ్మడు. రేపు పొద్దున ఎనిమిదింటికి ఒక గుమాస్తా ఆరో డిప్ తలుపు దగ్గర నిలబడి, వచ్చి చేరేవాళ్లను కళ్లారా లెక్కపెడతాడు. సరిగ్గా 412 ఉంటేనే అవునంటారు.

అంటే ఉన్నవాళ్లందరూ బయటికొచ్చి, సామాన్లతో మళ్లీ లోపలికి రావాలి.

అక్కకు ఫోన్ చేశాను. “ఊరందరికీ చెప్పు. రేపు ఆరింటికల్లా అందరూ సంత హాల్ బయట ఉండాలె. బిందెలు, చాపలు, కోళ్లు అన్నీ పట్టుకొని.”

“మా ఇండ్లు ఖాళీ చేసి మా ఇండ్లల్లకే పోవాల్నా?”

“అవ్ అక్కా. జర కొత్తోళ్ల లెక్క మొఖం పెట్టాలె.”

అటువైపు ఏదో శబ్దం. చాలా రోజుల తర్వాత అక్క నవ్వింది.

నమోదు 9. సభ ఇరవయ్యో రోజు

గుమాస్తా పేరు బాపు. సన్నటి మనిషి, చేతిలో లెక్క మీట. ఒక్కొక్కరు లోపలికి వెళ్తుంటే టక్కుమని నొక్కుతాడు. నేనూ భీంబాయి మేడం పక్కనే నిలబడ్డాం.

ఊరు వచ్చింది. ఒకామె రోలు ఎత్తుకొచ్చింది. ఒకాయన మంచం నెత్తిన పెట్టుకున్నాడు, మంచం మీద మనవరాలు. కొందరు కొత్తవాళ్లలా కనబడాలని మరీ ఎక్కువ ఆశ్చర్యపోయారు. ఒక ముసలమ్మ తలుపు దగ్గర ఆగి, “అబ్బో, గిదేనా ఆరో డిప్! ఎంత మంచిగున్నదో!” అని బుగ్గలు నొక్కుకుంది. బాపు ఆమెను అనుమానంగా చూశాడు. ఆమె కోడి మాత్రం దారి ఎవరినీ అడక్కుండా తిన్నగా తన ఇంటి గూట్లోకి వెళ్లిపోయింది.

టక్, టక్, టక్. రెండు గంటలు పట్టింది. చివరన అక్క వచ్చింది. దారి ఖాళీ అయింది.

బాపు మీట చూశాడు. “నాలుగు వందల పదకొండు.”

“సరిగ్గా చూడు తమ్మీ,” అన్నారు మేడం.

“మీట తప్పు చెప్పదమ్మా. ప్రశ్నల పన్నెండని ఉన్నది. ఒకటి తక్కువ.”

అక్క నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. “ఓదెలు తాత రాలే. ఫ్యాన్ కాడనే ఉన్నడు. రెండు గంటలు ఫ్యాన్ ఆగితే లోపల గాలి విషమైతది, పిల్లలు తిరిగొచ్చేది గా గాలిలకే గదా అన్నడు. ఎంత బతిమాలినా ఇనలే.”

లోపల ఉన్న మనిషిని ఇప్పుడు బయటికి తెస్తే బాపు కళ్ల ముందే తేవాలి. ఖాళీ ఊళ్లోంచి మనిషి బయటికొస్తే కథ ముగిసినట్టే. ఆయన కర్ర వదిలినా కథ ముగిసినట్టే. భీంబాయి మేడం నా వైపు చూశారు.

గోడ దగ్గర ఎవరో మర్చిపోయిన బిందె ఉంది. చంకన పెట్టుకున్నాను.

“ఏందమ్మా, నువ్వు మేడం ఆఫీసు పిల్లవు గదా?” అన్నాడు బాపు.

“ఆఫీసుల పనిజేస్త. ఉండేది ఈడ. ఇయ్యాల్టి సంది.”

“హాస్టల్ కార్డు?”

అక్కడ ఆగాను. హాస్టల్ మొదటి లెవెల్లో ఉంది. రాజధానిలో అన్నిటికంటే మంచి గాలి. ఆ పడక కోసం రెండేళ్లు దరఖాస్తులు పెట్టాను. కార్డు ఇస్తే మళ్లీ దొరకదు. లోపలి నుంచి ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది, మధ్యమధ్య తడబడుతూ, మళ్లీ అందుకుంటూ.

కార్డు ఇచ్చాను. బాపు దాన్ని రెండుగా విరిచి సంచిలో వేశాడు.

టక్.

“నాలుగు వందల పన్నెండు,” అన్నాడు.

నమోదు 10. సభ ఇరవై ఒకటో రోజు

పదకొండింటికి సభలో జవాబులు పెడతారు. పన్నెండింటికి తలుపు. మేడం సభలో ఉన్నారు. నేను తలుపు దగ్గర, మిగతా ఊరంతా నా వెనకాల. పిల్లల్ని అక్క ముందే తలుపు బయటికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

పదకొండున్నర అయింది. ఫోన్ మోగలేదు. పదకొండు నలభై. పదకొండు యాభై. నాకు జోకులు వస్తాయి, అది నా జబ్బు, కానీ అప్పుడు ఒక్కటీ రాలేదు.

పదకొండు యాభై నాలుగుకు మేడం ఫోన్.

“పెట్టిండు! పెట్టిండు పిల్లా! మూడిటికీ జవాబు ఇచ్చిండు. సదువుతున్న ఇను. (అ) అవునండి. (ఆ) అవునండి, కొత్త ఫ్యాన్‌తో సహా. (ఇ) ప్రభుత్వ వినయమే కారణమండి!”

“ఖాయం తీసుకున్నదా మేడం?”

“గది నాకెట్ల తెలుస్తది? నువ్వే తలుపు కాడ ఉన్నవ్!”

పన్నెండు. తలుపు పైన ఎర్ర దీపం వెలిగింది. ఇనుప రేకు గోడలోంచి కదిలింది. ఒక జానెడు బయటికొచ్చింది. ఒక ఆడమనిషి అరిచింది. రేకు ఆగింది. అలాగే ఉండిపోయింది, అలాగే, ఎంతసేపో తెలియదు. తర్వాత, ఎవరో దాని భుజం తట్టి పిలిచినట్టు, మెల్లగా వెనక్కి వెళ్లి గోడలో కలిసిపోయింది. దీపం ఆరింది.

అక్క నన్ను కావలించుకుంది. తర్వాత వీపు మీద గట్టిగా ఒకటి వేసింది. రెండూ అవసరమే.

నాలుగింటికి విద్యాశాఖ నుంచి కాగితం వచ్చింది. కొత్త నివాసితులు ఉత్పన్నమైనందున బడి కొనసాగునట. ఫర్హానా మేడం నకలు పంపారు, కింద పెన్సిల్‌తో, ‘నేనేమీ వినలేదు’ అని.

నమోదు 11. సభ ముగిసిన తొమ్మిదో రోజు

కొత్త ఫ్యాన్ వచ్చింది. ఖాయం మంచిదో చెడ్డదో కానీ, రాసింది చేస్తుంది. నలుగురు మిస్త్రీలు దిగి ఆరు రోజుల్లో బిగించారు. ఈ రోజు పునరావాస శాఖ మంత్రి ప్రారంభోత్సవానికి వచ్చారు, రిబ్బన్, కత్తెర, ఫొటోలు, అన్నీ. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లకు వాళ్ల ఇళ్ల తాళంచెవులు బహూకరించారు. వాళ్లు భక్తిగా అందుకున్నారు. ముసలమ్మ ఈసారి కూడా బుగ్గలు నొక్కుకుంది.

ఇళ్లు ఎవరెవరికో బాపు లెక్క ప్రకారం కేటాయించారు. ఆ లెక్కలో ఓదెలు తాత లేడు. నేనున్నాను. కాబట్టి ఫ్యాన్ పక్కింటి తాళంచెవి, మంత్రిగారి చేతుల మీదుగా, కెమెరాల ముందు, నాకిచ్చారు.

మీట నొక్కగానే కొత్త ఫ్యాన్ తిరిగింది. చప్పుడు లేదు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత చల్లటి గాలి ముఖాలకు తగిలింది, రిబ్బన్ ముక్కలు లేచాయి, ఒక పిల్లాడు నోరు తెరిచి నిలబడి గాలిని మింగడం మొదలుపెట్టాడు. ఊరంతా నిశ్శబ్దంగా అయిపోయింది. మంత్రి అది తన ఉపన్యాసం కోసమనుకుని గొంతు సవరించుకున్నాడు.

ఉపన్యాసం అయ్యాక, ఆదర్శ నివాసం చూస్తానని మంత్రి నా ఇంటికి, అంటే తాత ఇంటికి వచ్చాడు. లోపల తాత కుర్చీలో కాళ్లు బారజాపి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఖాళీగా ఒళ్లో ఉన్నాయి.

“ఈ పెద్దాయన ఎవరమ్మా?”

నేను నోరు తెరిచేలోపే తాతే అందుకున్నాడు.

“సుట్టాన్ని సారూ. చూసిపోదామని వచ్చిన.”

“ఎన్ని రోజులుంటారు?”

తాత తల పైకెత్తి గాలి వచ్చే వైపు చూశాడు. “మంచిగనే ఉన్నది. ఉంటగని ఇంకొన్ని రోజులు.”

మంత్రి సంతోషించి ఆయనతో ఫొటో దిగాడు. “ఇంటికి సుట్టం వస్తే చాయ్ పొయ్యరా?” అన్నాడు తాత నాతో, మంత్రి ముందే. ఇంటి యజమానురాలిని కదా, పొయ్యి దగ్గరికి వెళ్లాను. మూడు డబ్బాలు తెరిచాను. ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో మొలలు, ఒకదాంట్లో పొగాకు.

వెనక్కి తిరిగి, నాకు చేతనైనంత గంభీరంగా సుట్టాన్నే అడిగాను, చక్కెర ఎక్కడుందో.